సూరన్న పడగ్గదిలో పొగాకు

"మనిసి మంచోడే అప్పా. కానీ ఆ సుట్ట కంపుతో నాను కాపరం సెయ్యలేను," అంది గురువమ్మ.

పోతమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు మూయడం మర్చిపోయింది. జాలరి వాడలో ఆవిడ కుదిర్చిన మారుమనువులు ఇన్నీ అన్నీ కావు. మొగుడు పోయిన ఆడదానికీ, పెళ్ళాం పోయిన మగవాడికీ మళ్ళీ ఓ పొయ్యి వెలిగించి పెట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. పిల్లలు ఒప్పుకోరన్నవాళ్ళను చూసింది, తాగుడు మానితేనే అన్నవాళ్ళను చూసింది. పెళ్ళికొడుకు పొగాకు వాసన బాగోలేదని సంబంధం వెనక్కి తిప్పిన ఆడదాన్ని మాత్రం ఇదే చూడటం.

"ఓలమ్మ! ఎండు సేపలమ్ముకునేదానివి, నీకు కంపేటే?"

"సేపది వాసన. ఆ మనిసి సుట్టది కంపు," అంది గురువమ్మ తొణక్కుండా.

గురువమ్మ ఆనందపురం సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె ముక్కు సంగతి సంతంతటికీ తెలుసు. బుట్ట మూత తీయకుండానే లోపలి సరుకు ఎండకు ఎండిందో, నీడకు ఎండి పైకి ఎండినట్టు నటిస్తోందో చెప్పేస్తుంది. ఆ తీరం ఆడవాళ్ళలాగే ఆమెదీ అడ్డపొగ. అంటే నిప్పున్న కొస నోటిలోపల పెట్టుకుని తాగడం. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ముత్తవ్వల నాడు పట్టుబడిన అలవాటు. ఈమధ్య ఆసుపత్రిలో డాక్టరమ్మ నోరు తెరిపించి, లైటు వేసి చూసి, గడ్డి పెట్టి పంపింది. అప్పటినుంచి రోజుకు ఒక్క చుట్టకు దిగింది, దాన్నీ మానే దారిలో ఉంది.

"నాను తాగేది ఒక్కటి. మిగతా రోజంతా పక్కన కూకున్న మనిసి పొగే కదప్పా నా ముక్కులోకొచ్చేది? ఆకు వాసన మార్సమను. మారితే అప్పుడు సూద్దాం," అని బుట్ట నెత్తికెత్తుకుంది.

ఆ మాట పట్టుకుని పోతమ్మ సరాసరి పెళ్ళికొడుకు సూరన్న దగ్గరికి వెళ్ళింది. సూరన్న అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన అతని మేనల్లుడు బాబీ ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, సూరన్న బోటు మీదే వేటకు వెళ్తాడు. విన్నదంతా విని సూరన్న నవ్వబోయి, పోతమ్మ మొహం చూసి ఆగిపోయాడు.

"నా ఆకు కంపా? నా సేతుల్తో ఎండబెట్టి, నా సేతుల్తో సుట్టుకున్న ఆకు! మా అయ్య నేర్పిన పని. ఎవుడన్నాడు కంపని? బాబీ, నువ్వు సెప్పరా."

బాబీ వలలో ఒక ముడిని అదేదో జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"సెప్పరా!"

"మావా, బోటులో నీకెదురుగా నాను ఎందుకు కూకోనో ఎప్పుడైనా ఆలోసించేవా?"

సూరన్న పోతమ్మ వంక చూశాడు. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ అలాగే ఉంది. ఆ కొంగు అలా ఉండటం మర్యాద కోసమని ఇన్నేళ్ళూ అనుకున్నాడు పాపం.

సూరన్న చుట్ట వెలిగిస్తే వాడ కుక్కలు లేచి పక్క సందులోకి పోయేవన్నది నిజం. అయితే అతను ఇరవై ఊళ్ళలో పేరున్న తండేలు, బోటుకు పెద్ద. ఎంత పోటులోనైనా బోటును ఒడ్డుకు చేర్చగల మనిషి. అలాంటివాడితో "నీ చుట్ట కంపు" అని ఎవరంటారు? ఎవరూ అనలేదు. వాడకు వాడే ముక్కు మూసుకుని గౌరవించింది.

వేరే ఆడదైతే సూరన్న "పోతే పోనీ" అనేవాడే. గురువమ్మ విషయంలో అలా అనలేకపోయాడు. పెళ్ళాం పైడితల్లి పోయాక ఆ ఇంట్లో పలకరించే నోరు లేకుండా పోయింది. కూతురు దేవి పరవాడలో కాపురం, నెలకోసారి వచ్చి ఇల్లు తుడిచి ఏడ్చి వెళ్తుంది. పోయిన వానాకాలం ఒకనాడు గురువమ్మ తడిసిన బుట్టతో అరుగు చూరు కింద నిలబడి, "బువ్వ తిన్నావా సూరన్న బావా?" అని అడిగింది. అంతే. ఆ అడగడం అతని గుండెల్లో దిగిపోయింది. ఆనాటినుంచి ఆమె ఆ వీధిన వెళ్తుంటే వల కుట్టే సూది తప్పు కన్నంలో పడుతూనే ఉంది.

సరే, వాసనే కదా మారాలి, మార్చేద్దామనుకున్నాడు. బజారుకెళ్ళి పన్నీరు బుడ్డి, ఏలకులు కొనుక్కొచ్చాడు. ఆకు మీద పన్నీరు చల్లి, ఏలకులు దంచి చుట్టలో పెట్టి, పైన రెండు అగరొత్తుల పొడి కూడా రాల్చాడు. చుట్టి, వెలిగించి, పోతమ్మ చేత వాసన చూపించాడు.

"ఎలా ఉందప్పా?"

పోతమ్మ దగ్గి, కళ్ళు తుడుచుకుని, కాసేపు ఆలోచించింది. "పెల్లి పందిట్లో సేప సచ్చినట్టుంది నాయినా," అంది.

ఆ ఆదివారం అప్పలసూరి రాకపోయి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. అప్పలసూరి స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర చేసి రిటైరయ్యాడు. పుట్టింది పద్మనాభం రైతుల ఇంట్లో. ఆదివారం పొద్దున్నే గాజువాక నుంచి స్కూటరేసుకుని సూరన్న దగ్గరికి చేపకొచ్చేవాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవాళ్ళు. పద్మనాభంలో తమ్ముడి చేలో ఓ మూల పొగాకు వేయించి, ఆ ఆకు ఇంట్లోనే పదును చేసుకుంటాడు అప్పలసూరి. అతను వెలిగిస్తే బస్టాపులో నిలబడ్డవాళ్ళు కూడా మొహం ఇటు తిప్పేవారు.

సూరన్న సిగ్గు విడిచి సంగతంతా చెప్పాడు. అప్పలసూరి కడుపు పట్టుకుని నవ్వి, నవ్వాక, "పద, ఆకు సూపించు," అన్నాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డు. ఒక తాడు మీద కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చేపలు ఎండుతున్నాయి. దాని పక్క తాడు మీద పొగాకు. మధ్యలో బెత్తెడు జాగా లేదు.

అప్పలసూరి ఒక ఆకు అందుకుని వాసన చూశాడు. తర్వాత దాని కొస నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పగా ఉందేటి బావా? ఆకు మెత్తబడ్డానికి ఏటి సల్లుతావు?"

"నీలు."

"ఏ నీలు?"

"ఏ నీలేటి బావా? ఎదర ఇంత సముద్రం ఎట్టుకుని కుళాయి కాడ లైనులో నిలబడమంటావేటి? మా అయ్యా అదే సల్లీవోడు."

అప్పలసూరి అక్కడే తిరగేసి ఉన్న చేపల తొట్టి మీద కూలబడ్డాడు.

"ఉప్పు నీలు పడ్డ ఆకు సరిగ్గా కాలదు బావా. ఎప్పుడూ సెమ్మ లాగుతాది, మూలుగుతూ మాడతాది. పైగా పొగాకు పక్కన ఏది ఉంటే ఆ వాసన పీల్సుకుంటాది. నువ్వు తాగుతున్నది సుట్ట కాదు, ఉప్పు సేప."

"మరి నాకు సేప వాసన రాట్లేదే?"

"నీకెలా వత్తాది? పుట్టినకాడ్నుంచి అందులోనే ఉన్నావు. కోక్ ఓవెన్ల కాడ సేసినన్నాలూ నాకు గేసు వాసన తెలిసిందా? ఇంటికెల్తే మా ధనలక్ష్మి సొక్కా గుమ్మం బయటే ఇప్పించీది. నా సొక్కాకేటి వాసనని నాను గొడవాడీవోన్ని."

సూరన్న ఎండుతున్న కవళ్ళ వంక, ఆకు వంక, మళ్ళీ కవళ్ళ వంక చూశాడు. తండ్రి నేర్పిన పని తప్పని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. కానీ గురువమ్మ గుర్తొచ్చింది. "కొత్త ఆకు ఇప్పించు బావా. మొదట్నుంచీ నేర్పు," అన్నాడు.

అదృష్టం ఏమిటంటే అప్పుడే వేట నిషేధం మొదలైంది. వేసవిలో చేప గుడ్లు పెట్టే రెండు నెలలూ బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. చేతినిండా తీరిక, వాడలో చేపలు తక్కువ. ఇక ఆకు ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. అప్పలసూరి ముక్కు ముందుకు చాచి ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగాడు. చేప వాసన లేని మూల ఒక్కటీ దొరకలేదు. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి, "మా ఇల్లు పాసయిందా బావూ?" అని ఆటపట్టించారు. ఆఖరికి సూరన్నే తన పడగ్గది తలుపు తీశాడు.

"ఇందులో నా మంచం ఉంది, రెండు వలలున్నాయి. తీసెత్తాను," అన్నాడు.

తీసేశాడు. గోడలకు సున్నం వేశాడు, నేల కడిగాడు, మంచం అరుగు మీదకు లాగాడు. ఆ రోజు నుంచి కుంకుడుకాయ రసంతో తలంటుకోకుండా ఆ గదిలో కాలు పెట్టలేదు. యాభై దాటిన మగవాడు రోజూ తలంటుకుని ముస్తాబవుతుంటే వాడ ముక్కున వేలేసుకుంది. "పెల్లికొడుకు తానం సేసేడా?" అని కుళాయి దగ్గర కొత్త పలకరింపు పుట్టింది. సూరన్న కూడా "అయింది, అచ్చింతలే తరువాయి," అని నవ్వేసేవాడు. లోపల మాత్రం అతనికి భయమే. ఆకు బాగా రాకపోతే గురువమ్మను ఇంకోసారి అడగడానికి మొహం చెల్లదు.

పద్మనాభం నుంచి మోపులు వచ్చాయి. దబ్బనంతో ఆకులు గుచ్చి దండలు కట్టారు. ముందు నీడకు, తర్వాత ఎండకు. తెల్లవారుజామున చెమ్మకు మెత్తబడ్డ వేళ చూసి దించి, ఈనెలు తీసి, కట్టలు కట్టారు. మంచినీళ్ళలో బెల్లం కరిగించి వేళ్ళతో తుంపర్లుగా చిలకరించారు. అప్పుడు శుభ్రమైన గడ్డి పరిచి, దానిమీద కట్టలు ఒద్దికగా పేర్చి, పైన ఉతికిన గోనెలు కప్పారు. దాన్ని మండె అంటారు. మండెలోపల ఆకు తనంతట తనే వేడెక్కి మాగుతుంది.

"ఇదిగో బావా, పనంతా ఇక్కడే," అన్నాడు అప్పలసూరి. "రోజూ లోపలికి సెయ్యెట్టి సూడు. వెచ్చగా ఉంటే వొదిలెయ్. సెయ్యి ఆగనంత వేడెక్కితే మాత్రం అప్పుడే ఇప్పి తిప్పాలి. లోపలి కట్టలు బయటికి, బయటి కట్టలు లోపలికి. ఒక్క పూట ఆలీసమైతే మాడి పెంటయిపోతాది. ఇంక అది సుట్టకి కాదు, ఎరువుకి."

మొదటిసారి తిప్పినప్పుడు గదిలోంచి పశువులశాల గాటు గుప్పున కొట్టింది. సూరన్న కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఇదేమిటి, ఉన్నది పోయి ఇంకో కంపా అని బావ వంక చూశాడు. "ఆ గాటు బయటికి పోవాలి బావా. అది పోయినాకే అసలు వాసన," అని అప్పలసూరి ధైర్యం చెప్పాడు. రెండోసారికి గాటు తగ్గింది. ఆ తర్వాత ఒక పొద్దున్న సూరన్న గోనె ఎత్తేసరికి వాసనొకటి మెల్లగా లేచింది. తీయగా, కాస్త ఘాటుగా, బెల్లం కుండ మూత తీసినట్టుంది. సూరన్న అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ పీల్చాడు. నిజంగానే వస్తోంది.

అతనికో అనుమానం వచ్చింది. లేచి వెనక షెడ్డులోకి వెళ్ళి, అక్కడ మిగిలిన పాత ఆకు ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే వెనక్కి గెంతాడు.

"ఓలమ్మోలమ్మ! ఇన్నాలూ నాను తాగింది ఇదా!"

నవ్వు వచ్చింది, ఆగకుండా వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే పైడితల్లి గుర్తొచ్చి కళ్ళు నిండాయి. ఆ ఇల్లాలు ఇన్నేళ్ళు ఈ పొగలో కూర్చుని అన్నం పెట్టింది, ఒక్కనాడూ మాటనలేదు. అనకపోవడం ఆమె మంచితనం. మొహం మీద అనేసిన గురువమ్మదీ మంచితనమేనని సూరన్నకు ఆ షెడ్డులో తెలిసింది.

ఇంకొక్క తిప్పుడు, పైన పదిరోజుల మాగుడు మిగిలాయి. ఈలోగా నిషేధం గడువు తీరిపోయింది.

నిషేధం ఎత్తేసిన రోజంటే వాడకు పండుగకు మించిన పండుగ. బోట్లకు రంగులేసి, పసుపు రాసి, మామిడాకులు కట్టారు. గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టడానికి ఆడవాళ్ళంతా కొత్త చీరల్లో ఒడ్డుకు చేరారు. రెండు నెలలుగా చెయ్యి పడని సముద్రం. ఆ మొదటి రోజు వేటకు వెళ్ళని తండేలు తండేలే కాదు. సూరన్న పదిహేనేళ్ళప్పుడు బోటెక్కిన నాటినుంచి ఒక్కసారీ తప్పలేదు.

తెల్లారగట్ల స్నానం చేసి, వెళ్ళేముందు ఒక్కసారి చూసిపోదామని మండెలో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి వెంటనే తీసేశాడు. సెగ.

అప్పలసూరి పద్మనాభంలో తమ్ముడింట పెళ్ళిలో ఉన్నాడు. ఫోన్ ఎత్తడం లేదు, సన్నాయి మోతలో వినబడితేగా. వాడలో మనుషులంతా ఒడ్డున ఉన్నారు, అందరి చేతులూ చేపల గంపలు, వలలు సర్దిన చేతులే. వేటకెళ్తే వచ్చేసరికి సాయంత్రం. అప్పటికి ఆకు మాడిపోతుంది. ఆకుతోపాటు ఏం పోతుందో సూరన్నకు బాగా తెలుసు. గుమ్మంలో నిలబడి ఒకసారి సముద్రం వైపు చూశాడు, ఒకసారి గదిలోకి చూశాడు. తర్వాత చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి మండె విప్పడం మొదలెట్టాడు.

బాబీ రొప్పుకుంటూ వచ్చాడు. "మావా! అన్ని బోట్లూ దిగిపోతన్నాయి!"

"నాను రాను. మీరెల్లండి."

"నువ్వు నేకుండా ఎలాగెల్తాం? మావా, ఆకు కోసం మొదటి వేట మానుకుంటావేటి? నలుగురూ నవ్వరా?"

"రెండు నెల్లుగా నవ్వుతానే ఉన్నారు కదరా. ఇంకో రోజు నవ్వనీ."

బాబీ తల పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తాడు. అక్కడ జనంలో గురువమ్మ హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. సూరన్న బోటు ఇంకా ఇసుకలోనే ఉండటం ఆమె అప్పటికే చూసింది. "ఆ మనిసికి ఒంట్లో బాగానే ఉందా?" అని పోతమ్మను అడిగింది.

పోతమ్మకు ఒళ్ళు మండింది. "బాగానే ఉన్నాడు! నువ్వు మూడు సెరువుల నీలు తాగించేవు కదా, ఇప్పుడు సముద్రమూ మానేసి కూకున్నాడు. ఆకు తిప్పుతున్నాడంట, నీ ఆకు!"

గురువమ్మ పళ్ళెం పోతమ్మ చేతిలో పెట్టి నడిచింది. నడక కాస్తా పరుగైంది.

అరుగు మీద మంచం చూసింది. గుమ్మంలో ఆగి, తెల్లగా సున్నం కొట్టిన గోడలు చూసింది. గది మధ్యలో సగం విప్పిన మండె, దాని పక్కన చెమటతో తడిసిపోయిన సూరన్న. ఆమెను చూసి అతను దొరికిపోయిన దొంగలా లేచి నిలబడ్డాడు.

"ఇంకా అవ్వనేదు గురువమ్మా. ఇంకో పది రోజులు పడతాది. ఇప్పుడు సూసి ఏటీ అనకు. ఇంకా గాటు ఉంది."

గురువమ్మ హారతి పళ్ళెం పట్టిన చేతులు గుమ్మం పక్క తొట్టిలో కుంకుడు రసంతో మోచేతుల దాకా కడుక్కుంది. వచ్చి ఒక కట్ట తీసి వాసన చూసింది. అన్ని ఊళ్ళ చేపనూ పసిగట్టిన ఆ ముక్కు ఆ కట్ట మీద చాలాసేపు ఆగింది.

"నువ్వెక్కడ పడుకుంటన్నావు?" అంది.

"అరుగు మీద."

"ఎప్పట్నుంచి?"

"ఆకు లోపలికొచ్చిన కాడ్నుంచి."

"వానొచ్చిన రోజు?"

"అరుగు మీదే. ఓ పక్కకి జరిగి పడుకున్నాను."

గురువమ్మ కట్ట కింద పెట్టి అతని వంక చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదాల మీద నవ్వూ వచ్చింది. రెండిట్లో దేన్నీ దాచలేదు.

"పోయిన మా ఇంటాయనతో పద్దెనిమిదేల్లు కాపరం సేసేను బావా. తలగడ అటుపక్క తిప్పి పడుకో, నీ గురక నా సెవిలో పడతాందని ఎన్నిసార్లు సెప్పేనో. ఆ మనిసి పోయీదాకా తిప్పనేదు." కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ కొంగు నడుముకు బిగించి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "లెగు. నువ్వెల్లు. లోపలిది బయటికి, బయటిది లోపలికి, అంతే కదా? ఎండు సేప బుట్టలు రోజూ అలాగే తిప్పుతాను నాను."

"అంతే. కానీ మొత్తం తిప్పాలంటే మద్దేనం అవుతాది గురువమ్మా. నీకు సంతకి…"

"సంత ఎక్కడికీ పోదు. ఇంటి తాళం ఎక్కడెడతావు నువ్వు?"

సూరన్న కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. గురువమ్మ దాన్ని బొడ్డులో దోపుకుని మళ్ళీ కట్టల మీదకు వంగింది.

"ఇంకా నిలబడ్డావేటి? రాత్రికి కూరలోకి ఏదైనా పట్టుకురా," అంది తల ఎత్తకుండా.

సూరన్న చొక్కా సగం తొడుక్కుని ఒకటే పరుగు. ఇసుకలో రెండుసార్లు తూలాడు, ఎవరో ఈల వేశారు, అతనికి ఏదీ వినబడలేదు. బోటు నీళ్ళలోకి తోసి, కెరటం దాటించి, ఇంజను వేసేదాకా ఊపిరి తీసుకోలేదు. చుక్కాని పట్టుకుని కుదురుకున్నాక బాబీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆకు మాడిపోనీ అని వచ్చేసేవేటి మావా? ఎవరు తిప్పుతన్నారు?"

నవ్వు ఆపుకుందామని సూరన్న పళ్ళు బిగించాడు. అది ఆగే రకం నవ్వు కాదు.

"మీ అత్త," అన్నాడు.

బోటులో ఉన్న నలుగురూ కలిసి పెట్టిన కేకకు పక్క బోట్లవాళ్ళు ఏదో పెద్ద చేప పడిందనుకుని అటు తిరిగి చూశారు.